ఇంట్లో ఎవరో ఒకరికి ఎప్పుడూ నలతగా ఉంటోందా? వారం రోజుల్లో ఇంటిని తనిఖీ చేసుకునే విధానం

తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి, పలమనేరు వైపు పల్లెల నుంచి నాకు వచ్చే ప్రశ్నలు మాటల్లో వేరైనా సారంలో ఒక్కటే. "మా ఇంట్లో నెలకు ఒకరైనా మంచాన పడుతున్నారు, ఏ ఫిల్టరు కొనమంటారు?" అని ఒకరు అడుగుతారు. "గాలిని శుభ్రం చేసే మిషను పెట్టిస్తే పిల్లవాడి దగ్గు తగ్గుతుందా?" అని మరొకరు, "బీపీ మాత్ర వేసుకుంటున్నా అంకె దిగడం లేదు, ఏం తినాలి?" అని ఇంకొకరు అడుగుతారు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ నేను తేల్చుకున్నది ఒక్కటే: ఏదైనా వస్తువు కొనే ముందు మీ ఇంటిని ఒక వారం పాటు కళ్లు తెరిచి చూసి, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టకపోతే, ఎవరిచ్చిన సలహా అయినా చీకట్లో వేసిన బాణమే అవుతుంది.

ఇది వైద్యానికి బదులు కాదు. వేసుకుంటున్న మాత్రలను దీన్ని చదివి మానవద్దు. మీ చేతిలో ఉన్న నీరు, పొగ, ఉప్పు, దోమ, నడక, నిద్ర అనే వాటిలో మీ ఇంటిని నిజంగా బాధిస్తున్నది ఏదో పట్టుకోవడమే ఈ తనిఖీ పని.

కావలసినవి

ఒక నోటుబుక్కు, టార్చిలైటు, బట్టలు కుట్టేవారు వాడే టేపు, తెల్లటి పింగాణీ ప్లేటు, ఒక అగరబత్తి, వంటింటి కాటా (లేకపోతే టీ చెంచా చాలు), పై చేతికి పట్టీ చుట్టే రకం బీపీ మిషను. మణికట్టుకు కట్టే రకం బీపీ మిషను చెయ్యి ఉంచిన ఎత్తును బట్టి అంకె మార్చేస్తుంది కాబట్టి దాన్ని నేను సిఫారసు చేయను. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) ఇప్పటికే ఉంటే సరే, లేకపోతే పక్కింటివారిని అడిగి తెచ్చుకోండి, ఒక్క రోజు పనికి కొనవలసిన అవసరం లేదు.

1. గడచిన ఆరు నెలల జబ్బుల పట్టిక రాయండి

నోటుబుక్కులో మొదటి పేజీలో ఇంటి నమూనాను చేతితో గీసి, ఎవరు ఏ గదిలో పడుకుంటారో, పగలు ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారో గుర్తు పెట్టండి. రెండో పేజీలో ఎవరికి, ఏ నెలలో, ఏం వచ్చింది, ఎన్ని రోజులు ఉంది అనేవి నాలుగు గడులుగా రాయండి. గుర్తు లేకపోతే మందుల చీటీలు తిరగేయండి, తారీకులు వాటి మీద ఉంటాయి.

ఈ పట్టికను చదివే పద్ధతి ఇది. ఇంట్లో అందరికీ ఒకటి రెండు రోజుల తేడాలో విరేచనాలు పట్టుకుంటే ముందుగా ఆ రోజు అందరూ తిన్న వంటనో, తాగిన నీటినో అనుమానించాలి. ఒకరి తరువాత ఒకరికి నాలుగైదు రోజుల ఎడంతో వస్తే చేతులు కడుక్కునే అలవాటును, అందరూ వాడే ఒకే తువ్వాలును చూడాలి. పిల్లలకు మాత్రమే వచ్చి పెద్దలకు రాకపోతే బడిలో తాగే నీరు, బడి ముందు కొనుక్కునే తినుబండారాలు లెక్కలోకి వస్తాయి. దగ్గు వంట వేళలో, దీపారాధన వేళలో పెరుగుతుంటే నాలుగో అడుగుకు ప్రాధాన్యం ఇవ్వండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పట్టిక రాయకముందే కారణం నిర్ణయించుకోవడం. "అంతా నీళ్ల వల్లే" అని ఒకసారి అనుకున్నాక మిగిలినవేవీ కంటికి ఆనవు.

2. నీటిని పరీక్షించండి, టీడీఎస్ అంకెను మాత్రమే నమ్మవద్దు

మీ ఇంటికి ఎన్ని రకాల నీరు వస్తోందో ముందు రాయండి. తిరుపతిలో చాలా ఇళ్లలో కల్యాణి డ్యాం, తెలుగుగంగల నుంచి వచ్చే కొళాయి నీరు, సొంత బోరు నీరు, వేసవిలో ట్యాంకరు నీరు, తాగడానికి 20 లీటర్ల క్యాను నీరు కలగలిసి నడుస్తుంటాయి. కొళాయినీ బోరునూ ఒకే సంపులోకి వదిలినవారు ఏ నీటిని పరీక్షిస్తున్నారో వారికే తెలియదు. అందుచేత రెండింటినీ సంపులో కలవకముందే విడిగా పట్టండి.

టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపుతుంది. తాగునీటికి మన దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 2,000 వరకు అనుమతి ఉంది. ఆ మీటరు క్రిములను చూపదు, ఫ్లోరైడును విడిగా చూపదు. అంకె 60 చూపించే క్యాను నీటిలో క్రిములు ఉండవచ్చు, 600 చూపించే బోరు నీటిలో ఒక్క క్రిమీ లేకపోవచ్చు. క్యాను మూతి దగ్గర పచ్చటి జిగురును వేలితో తాకి చూసినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

కాబట్టి ప్రయోగశాలలో అడగవలసిన పరీక్షలు మూడు: ఫ్లోరైడు, నైట్రేటు, మల సంబంధమైన బాక్టీరియా. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. నైట్రేటు 45 మించకూడదు. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై (మలం నుంచి వచ్చే బాక్టీరియా) అసలు కనిపించకూడదు. పల్లెల్లో ఉన్నవారు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలను అడగవచ్చు, ఊళ్లో పరీక్షల కిట్టు ఉందేమో సచివాలయంలో కనుక్కోవచ్చు. గ్రానైటు రాతి నేలల్లో లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, పిల్లల పళ్ల మీద సుద్దలాంటి తెల్లటి మచ్చలో, గోధుమరంగు చారలో ఉంటే ఈ పరీక్షను వాయిదా వేయవద్దు.

బాక్టీరియా పరీక్షకు ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. ప్రయోగశాల వారు ఇచ్చే శుద్ధి చేసిన సీసాలోనే, కొళాయిని ఒకటి రెండు నిమిషాలు వదిలిన తరువాత, మూత లోపలి భాగాన్ని వేలితో తాకకుండా పట్టి, చల్లటి పెట్టెలో ఉంచి, వీలైతే ఆరు గంటల లోపు అందజేయండి. సాయంత్రం పట్టి మర్నాడు మధ్యాహ్నం ఇస్తే ఫలితం నీటిదో, సీసాదో తేల్చలేరు.

ఫలితం వచ్చాక ఇలా నడుచుకోండి. బాక్టీరియా ఉంటే నీరు తెర్లి బుడగలు పైకి లేచిన తరువాత కనీసం ఒక నిమిషం కాచి, అదే పాత్రలో మూత పెట్టి చల్లార్చండి. కాచిన నీటిని కడగని బిందెలోకి వంచితే చేసిన పని వృథా. ఫ్లోరైడు గాని, నైట్రేటు గాని ఎక్కువగా ఉంటే కాచవద్దు, కాచేకొద్దీ నీరు ఆవిరై అవి మరింత చిక్కబడతాయి. అలాంటి నీటికి కరిగిన లవణాలను వడగట్టే ఆర్‌ఓ యంత్రమో, వేరే నీటి వనరో తప్పదు. ఇవేవీ లేకుండా టీడీఎస్ 500 లోపు ఉన్న కొళాయి నీటికి ఆర్‌ఓ పెట్టించడం, నా మటుకు, డబ్బునూ నీటినీ మోరీలోకి వదలడమే. అక్కడ క్రిములను చంపే యూవీ ఫిల్టరు గాని, కాచడం గాని సరిపోతుంది.

సంపు, మిద్దె మీది ట్యాంకు ఏడాదికి రెండుసార్లు కడగాలి. ట్యాంకు కడిగి నింపిన తరువాత 1,000 లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు 2.5 గ్రాములు తీసుకుని, కొద్ది నీటితో ముద్దగా కలిపి, ఆపైన బకెట్ నీటిలో పలుచన చేసి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయండి. ఒక గంట వరకు ఆ నీటిని వాడవద్దు. పొట్లం తెరిచి నెలలు గడిచి ఘాటు వాసన పోయిన పౌడరు సున్నంతో సమానం, దాన్ని వాడి లాభం లేదు.

హెచ్చరికలు మూడున్నాయి, వీటిని తేలికగా తీసుకోవద్దు. బ్లీచింగ్ పౌడరును మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపవద్దు. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. లోతైన సంపులోకి ఒంటరిగా దిగవద్దు. చాలాసేపు మూత తెరిచి ఉంచి, పైన ఒక మనిషిని నిలబెట్టి మాత్రమే దిగాలి, లోపల స్పృహ తప్పినవారిని కాపాడడానికి వెనకాలే దూకడం మరో ప్రాణానికి ముప్పు. మూడోది మన ఊరు కళ్లారా చూసినదే: 2021 నవంబరు వరదల తరువాత తిరుపతిలో ఒక ఇంటివారు భూమిలోని సిమెంటు ఒరల తొట్టిని శుభ్రం చేస్తుండగా, ఆ తొట్టి భూమిలోంచి పైకి లేచి నిలబడింది. నేల నీటితో నిండి ఉన్నప్పుడు ఖాళీ తొట్టి పడవలా తేలుతుంది. పెద్ద వానలు తగ్గి, నేల ఆరేవరకు సంపును పూర్తిగా ఖాళీ చేయవద్దు.

చేసిన పని ఫలించిందో లేదో తెలుసుకోవడానికి వారం తరువాత హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలో (మల బాక్టీరియా ఉంటే నీటిని నల్లబరిచే మందున్న సీసా) నీరు నింపి, గది వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచండి. నల్లబడితే మలినం ఇంకా కలుస్తోందని అర్థం. అప్పుడు మళ్లీ మందు వేయడం కంటే, సంపు పక్కనుంచి పోతున్న మురుగు గొట్టాన్ని, పగుళ్లను వెతకడం మేలు.

3. టార్చిలైటు పట్టుకుని నిలిచిన నీటిని వెతకండి

డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాలువలో కాదు, మన ఇంట్లోని శుభ్రమైన నీటిలో పెరుగుతుంది, పగటిపూట కుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడిలో వారం, పది రోజులు చాలు. అందుకే వారానికొక రోజు నీటి పాత్రలన్నీ ఖాళీ చేయమంటారు, శుక్రవారాన్ని 'డ్రై డే'గా పాటించమని ప్రభుత్వం చెప్పేదీ ఈ లెక్క మీదనే.

చూడవలసిన చోట్లు: ఫ్రిజ్ వెనక అడుగున ఉండే ట్రే, ఏసీ గొట్టం కింద పెట్టిన బకెట్, కూలరు, మనీప్లాంటు సీసా, పూలకుండీల కింది పళ్లేలు, పక్షులకు పెట్టిన నీటి మూకుడు, మిద్దె మీద పడేసిన టైర్లు, కొబ్బరి చిప్పలు, మడతల్లో నీరు నిలిచిన ప్లాస్టిక్ పట్టా, పెరట్లో ఎవరూ వాడని రోలు. రోలు గుంతను నేను ప్రత్యేకంగా చెబుతున్నాను, మిక్సీ వచ్చాక మన ఇళ్లలో దాని పని దోమలను పెంచడమే అయింది.

మా ఇంట్లో ఒక ఏడాది దీపావళి తరువాత మూడు వారాల్లో ముగ్గురికి జ్వరాలు వచ్చాయి. ముగ్గురూ పగలు హాల్లో టీవీ ముందు కూర్చునేవారే. నేను వీధి కాలువ మీద కోపం వెళ్లగక్కుతూ, రెండుసార్లు మందు పొగ కొట్టించాను. చివరికి కరెంటు పోయి ఫ్రిజ్ వెనక ప్లగ్గు సరిచేయబోయిన రోజున టార్చి వెలుగు ఆ ట్రే మీద పడింది. చిటికెడు లోతు నీటిలో కామా గుర్తులంత పురుగులు తల కిందులుగా వేలాడుతూ, వెలుగు తగలగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగాయి. ఆ ఫ్రిజ్‌ను కొన్న ఆరేళ్లలో అలాంటి ట్రే ఒకటి ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తప్పు కాలువది కాదు, మాదే.

నీరు పారబోయడంతో పని అయిపోదు. ఏడిస్ గుడ్లు పాత్ర లోపలి గోడకు, నీటి అంచు దగ్గర అంటుకుని, నీరు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీరు పడగానే పొదుగుతాయి. కాబట్టి పారబోసిన తరువాత పీచుతో గోడలను గట్టిగా రుద్ది, ఎండలో బోర్లించండి. ఖాళీ చేయలేని ట్యాంకులకు బిగుతైన మూత, పొంగే గొట్టానికి సన్నటి వల కట్టండి. తాగేనీటి ట్యాంకులో ఎవరో చెప్పారని నూనెలు, మందులు సొంతంగా పోయవద్దు.

పని ఫలించిందో లేదో చూడడానికి, అనుమానం ఉన్న నీటిని గరిటెతో తీసి తెల్లటి ప్లేటులో పోసి, రెండు నిమిషాలు కదలకుండా ఉంచి చూడండి. వరుసగా రెండు శుక్రవారాలు ఒక్క పురుగు కూడా కనిపించకపోతే మీ ఇంటి వరకు పని అయినట్టే. పక్కింటి మిద్దె మీద టైరు ఉంటే మాత్రం సగమే అయినట్టు. వారిని నొప్పించకుండా, మన ప్లేటులోని పురుగులను చూపించి మాట్లాడడం నాకు బాగా పనిచేసిన ఉపాయం.

పొగ మందు కొడితే ఎగిరే దోమలు చస్తాయి, నీటిలో ఉన్నవి వారంలో మళ్లీ లేస్తాయి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గట్టి వానలు పడతాయి కాబట్టి, ఈ అడుగును దసరా లోపే మొదలుపెట్టండి.

4. పొగ ఎటు పోతోందో చూడండి

వంట సాగుతుండగా అగరబత్తి వెలిగించి పొయ్యి పక్కన, తరువాత గుమ్మం దగ్గర, కిటికీ దగ్గర పట్టుకోండి. పొగ తీగ కిటికీ వైపు సాగితే గాలి బయటకు పోతోంది. హాలు వైపు తిరిగితే తాలింపు పొగ అంతా పిల్లలు చదువుకునే చోటికే చేరుతోంది. ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నవారు అది లోపలికి కాక బయటికే తోస్తోందో లేదో కూడా ఇలాగే చూడండి, తిరగేసి బిగించిన ఫ్యాన్లను నేను రెండు చోట్ల చూశాను.

ఆపైన పొగ పుట్టించేవాటిని లెక్క వేయండి. ఒక దోమల చుట్ట (మస్కిటో కాయిల్) పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినప్పటి ధూళితో సమానమని కొలిచి తేల్చారు. మూసిన గదిలో రాత్రంతా దోమల చుట్ట వెలిగించి, పొద్దున్నే పిల్లవాడి దగ్గుకు సిరప్పు పోయడం మన ఇళ్లలో మామూలైపోయింది. దోమతెర దానికంటే మేలు. అగరబత్తులు, కర్పూరం, సాంబ్రాణి మానమని నేను అనను. వెలిగించే అరగంట కిటికీలు తీసి ఉంచండి, ఉబ్బసం ఉన్నవారిని వేరే గదిలో కూర్చోబెట్టండి.

పల్లెల్లో స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి వాడేవారు దాన్ని వసారాలో కాక ఆరుబయట పెట్టుకోవాలి, ప్లాస్టిక్ కవర్లతో నిప్పు రాజేసే అలవాటు మానాలి. గ్యాసు పొయ్యి మంట నీలంగా కాక పసుపుగా, పాత్రకు మసి పట్టేలా ఉంటే బర్నరు రంధ్రాలు శుభ్రం చేయించండి. గ్యాసు గీజరు మూసిన స్నానాల గదిలో ఉంటే వెంటనే బయటికి మార్పించండి. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు మనిషిని హెచ్చరించకుండానే పడగొడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా దగ్గు తగ్గకపోతే గాలిని శుభ్రం చేసే మిషను గురించి ఆలోచించండి, అంతకు ముందు కాదు.

5. ఉప్పు పొట్లం మీద తారీకు వేయండి

ఈ తనిఖీలో అన్నిటికంటే చౌకైనదీ, మనసుకు అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే వంటలోదీ, ఊరగాయలోదీ, బయటి తిండిలోదీ కలిపి తల కొట్టిన ఒక టీ చెంచా. నలుగురు పెద్దలున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో పొట్లం 50 రోజులు రావాలి. కొత్త పొట్లం తెరిచిన రోజున పెన్నుతో దాని మీదే తారీకు వేసి, అయిపోయిన రోజున మరో తారీకు వేయండి. మా ఇంట్లో మొదటిసారి లెక్క చూసినప్పుడు పొట్లం 31 రోజులకే ఖాళీ అయింది, మేము నలుగురం.

ఇక్కడ లెక్క తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. వేసవిలో మామిడికాయ ఊరగాయకు విడిగా తెచ్చే కల్లుప్పు నెలవారీ పొట్లంలో కనిపించదు. ఊరగాయకు ఎన్ని కిలోలు పోశారో రాసి, ఆ జాడీ ఎన్ని నెలలు వస్తుందో చూసి పంచాలి. ద్రాక్ష కడగడానికి, పుక్కిలించడానికి వాడిన ఉప్పును తీసేయాలి. మధ్యాహ్నం హోటల్లో తినేవారి ఉప్పు పొట్లంలోకి రానే రాదు, కాబట్టి అలాంటి ఇంట్లో పొట్లం 50 రోజులు వచ్చినా సంబరపడనక్కరలేదు. అప్పడాలు, మిక్చరు, బేకరీ తిండి కూడా ఈ కోవలోనివే.

తగ్గించే పద్ధతిలో తొందర పనికిరాదు. ఒక్కసారిగా సగం చేస్తే ఇంట్లో అందరూ ఊరగాయ జాడీ మీద పడతారు, మొత్తం మీద ఉప్పు పెరుగుతుంది. వారానికి ఒక చిటికె చొప్పున తగ్గించండి. సంగటికీ, అన్నానికీ ఉప్పు వేయడం మానేసి, పులుసుకూ కూరకూ మాత్రం ఉంచండి. ఊరిబిండిలో (వేరుశనగ పచ్చడిలో) ఉప్పు తగ్గిన లోటును చింతపండు, వేయించిన ఎండుమిర్చి చాలావరకు కప్పేస్తాయి. పెరుగన్నంలో ఉప్పు మానడం మొదటి వారం చప్పగా ఉంటుంది, మూడు నాలుగు వారాలకు నాలుక సర్దుకుంటుంది.

సైంధవ లవణం, కల్లుప్పు వాడితే బీపీ రాదన్నది నమ్మవద్దు; వాటిలోనూ ఉన్నది ప్రధానంగా అదే సోడియం క్లోరైడు, పైగా అయోడిన్ కలపని రకాలు ఎక్కువ. పొటాషియం కలిపి సోడియం తగ్గించిన ఉప్పు దుకాణాల్లో దొరుకుతోంది, కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారు వైద్యుడిని అడగకుండా దాన్ని తాకవద్దు.

6. నడుము కొలవండి, బీపీ సరిగ్గా చూసుకోండి, నడక లెక్క రాయండి

బట్ట అడ్డం లేకుండా, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత, పక్కటెముకల అంచుకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు చుట్టండి. మనవారికి మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరిగినట్టు లెక్క. ప్యాంటు సైజు చెప్పి సరిపెట్టుకోవద్దు, బెల్టు పొట్ట కిందకు జారిన మగవారికి ఆ సైజు ఎన్నటికీ పెరగదు.

బీపీ చూసే ముందు అరగంట వరకు కాఫీ, సిగరెట్టు వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేల మీద ఆనేలా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, చొక్కా చెయ్యి మీద కాకుండా చర్మం మీదే పట్టీ చుట్టి, నిమిషం ఎడంతో రెండుసార్లు చూడండి. ఏడు రోజులు పొద్దున, సాయంత్రం రాసి, మొదటి రోజువి వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. ఇంట్లో తీసిన సగటు 135/85 గాని, అంతకంటే ఎక్కువ గాని అయితే నోటుబుక్కుతో సహా వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఒక్క అంకె చూసి కంగారు పడడం, ఒక్క మంచి అంకె చూసి మాత్ర మానడం, రెండూ తప్పే.

నడక విషయానికి వస్తే, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగమే చురుకు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లడం గొప్ప విషయమే, కాని ఏడాదికి రెండుసార్లు మెట్లెక్కి మిగిలిన రోజులు కుర్చీలో గడిపేవారికి దాని వల్ల భక్తి ఫలం దక్కుతుందేమో గాని వ్యాయామ ఫలం దక్కదు. పైగా ఏళ్ల తరబడి కదలని గుండెను ఒక్కసారిగా ఆ మెట్ల మీద పరీక్షించడం ప్రమాదం. వీధిలో పదేసి నిమిషాలతో మొదలుపెట్టి, నెల రోజుల సాధన తరువాత మెట్ల సంగతి చూడండి.

7. వేసవి, నిద్ర

సిమెంటు మిద్దె పగలంతా మింగిన వేడిని రాత్రంతా కింది గదిలోకి వదులుతుంది. ఫిబ్రవరిలోనే మిద్దె మీద తెల్ల సున్నం వేయించండి, చౌకలో దీన్ని మించింది లేదు. వేసవిలో బయట పనిచేసేవారు మజ్జిగ కలిపిన రాగి అంబలి తాగడం మన పాత అలవాటు, మంచిదే. చక్కెర వేసిన చల్లటి సీసా పానీయాలు దానికి సాటి రావు. విపరీతమైన వేడిలో చెమట ఆగిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ, ఒళ్లంతా తడిపి గాలి తగిలేలా చేస్తూ 108కు ఫోన్ చేయాలి.

నిద్ర గురించి ఒక్క పరీక్ష చాలు: వారం రోజులు పడుకున్న సమయం, లేచిన సమయం, ఫోను పక్కన పెట్టిన సమయం రాయండి. మూడో గడి చూసుకున్నాక సలహా ఎవరికీ అవసరం ఉండదు.

8. ఒక్కదాన్ని మార్చి, ఆగి, చూడండి

వారం గడిచాక నోటుబుక్కు ముందు వేసుకుని, రెండో పేజీలోని జబ్బుల పట్టికకు బాగా దగ్గరగా ఉన్న లోపాన్ని ఒక్కటి ఎన్నుకోండి. ఉత్సాహంగా అన్నీ ఒకేసారి మారిస్తే, మెరుగైనప్పుడు ఎందువల్ల మెరుగైందో తెలియదు, విసుగొచ్చి మానేసేటప్పుడు పనికొచ్చేదాన్ని కూడా మానేస్తారు. దీనికి మినహాయింపు ప్రమాదాలు. గ్యాసు గీజరు, మురుగు కలిసిన నీరు, దోమ పురుగుల వంటివి కనిపించిన రోజే సరిచేయాలి.

ఫలితానికి ఇవ్వవలసిన గడువులు ఒకే రకంగా ఉండవు. దోమలకు రెండు వారాలు, పొగకు సంబంధించిన దగ్గుకు నాలుగు వారాలు, ఉప్పు తగ్గించాక బీపీకి కనీసం ఒక నెల, నడుము కొలతకు మూడు నెలలు. బీపీని ప్రతిసారీ అదే చేతికి, అదే వేళకు చూడండి, నడుమును అదే చోట కొలవండి. మొదట పొద్దున పరగడుపున కొలిచి, తరువాత పెళ్లి భోజనం చేసి వచ్చిన రాత్రి కొలిచి, తేడా రాలేదని నాకు రాసినవారు ఉన్నారు.

తనిఖీని పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

జ్వరం రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేయవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా పడి ఉండడం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండే ఒకటి రెండు రోజులే డెంగీలో అసలు గండం. ఛాతీలో బిగుతు, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మూతి వంకర పోవడం వంటివి వస్తే 108కు ఫోన్ చేయండి. పిల్లలకు విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు తల కొట్టిన టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ బయలుదేరండి. దుకాణంలో ఓఆర్‌ఎస్ పొట్లం దొరికితే అదే మేలు, కాని పొట్లం మీద రాసిన కొలతకు తక్కువ నీటిలో కలపవద్దు.

తనిఖీని ఏడాదికి రెండుసార్లు, ఉగాది తరువాత ఒకసారి, దసరాకు ముందు ఒకసారి చేయండి. పూర్తిచేసిన నోటుబుక్కును బీరువాలో దాచవద్దు. పురికొస కట్టి వంటింట్లో క్యాలెండరు మేకుకే తగిలించండి, తరువాతి ఉప్పు పొట్లం తారీకు దానిలోనే పడాలి.